ఎక్స్ఛేంజ్ రోజున చేతిలో 10 శాతం లేకపోతే? డిపాజిట్ బాండ్ గురించి (సిడ్నీ, మెల్బోర్న్)

టల్లావాంగ్_తెలుగు
అందరికీ నమస్కారం. మొదటి ఇల్లు. సిడ్నీ స్కోఫీల్డ్స్‌లో 11 లక్షల డాలర్ల టౌన్‌హౌస్. ప్రభుత్వ 5 శాతం డిపాజిట్ స్కీమ్ కింద బ్యాంకు ప్రీ-అప్రూవల్ ఇచ్చింది. ఇప్పుడు ఏజెంట్ ఎక్స్ఛేంజ్ రోజున (సంతకాలైన కాంట్రాక్ట్‌లు మార్చుకునే రోజు) 10 శాతం, అంటే 1,10,000 కట్టాలంటున్నారు. స్కీమ్‌లో 5 శాతం చాలన్నప్పుడు ఈ 10 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?
డబ్బు ఇలా ఉంది: సేవింగ్స్‌లో 60,000, టర్మ్ డిపాజిట్‌లో 15,000, సూపర్‌లో (పదవీ విరమణ నిధి) ఫస్ట్ హోమ్ సూపర్ సేవర్ కింద 30,000. సెటిల్మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు తీసుకునే రోజు) నాటికి అన్నీ చేతికొస్తాయి, ఎక్స్ఛేంజ్ నాటికి రావు. డిపాజిట్ బాండ్ తీసుకోమని ఒకరు చెప్పారు. అసలు అదేంటి, ఎలా తీసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం? వివరంగా చెప్పగలరా?

సెక్షన్66
ముందు ఒక మాట విడదీసుకోవాలండి. డిపాజిట్ అనే పదం రెండు చోట్ల వాడుతున్నారు, రెండింటికీ సంబంధం లేదు.
బ్యాంకు అడిగే 5 శాతం మీకూ బ్యాంకుకూ మధ్య లెక్క. ఇంటి విలువలో 95 శాతం వాళ్లు ఇస్తారు, మిగతాది మీరు తేవాలి. అది సెటిల్మెంట్ రోజుకి కావాలి.
కాంట్రాక్ట్‌లో ఉండే 10 శాతం మీకూ అమ్మేవాళ్లకూ మధ్య లెక్క. మన దగ్గర అగ్రిమెంట్ రోజున ఇచ్చే బయానా లాంటిది. మీరు మాట తప్పితే న్యూ సౌత్ వేల్స్ స్టాండర్డ్ కాంట్రాక్ట్ 9వ క్లాజు ప్రకారం అమ్మేవాళ్లు కాంట్రాక్ట్ రద్దు చేసి, ధరలో 10 శాతం మించకుండా ఆ డిపాజిట్ ఉంచేసుకోవచ్చు. మళ్లీ అమ్మినప్పుడు అంతకంటే ఎక్కువ నష్టం వస్తే దానికీ దావా వేయొచ్చు. కాబట్టి స్కీమ్ 5 శాతం అన్నంత మాత్రాన అమ్మేవాళ్లు 5 శాతానికి ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.
డిపాజిట్ బాండ్ అంటే ఆ 10 శాతానికి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ రాసిచ్చే హామీ పత్రం. ఎక్స్ఛేంజ్ రోజున నగదుకు బదులు ఆ కాగితం ఇస్తారు. సెటిల్మెంట్ రోజున మొత్తం ధర, ఆ 10 శాతంతో సహా, మీరే కట్టాలి. బాండ్ మీకు సమయం ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. ఈ ఒక్కటీ సరిగ్గా పట్టుకుంటే మిగతావన్నీ వివరాలే.

లోన్_లెక్కలు
ఫీజు సంగతి. ఆరు నెలల లోపు బాండ్‌కి సాధారణంగా బాండ్ మొత్తం మీద ఒకటింపావు శాతం చుట్టుపక్కల తీసుకుంటారు. కంపెనీని బట్టి మారుతుంది, కనీస ఫీజు కూడా ఉంటుంది. 1,10,000 బాండ్‌కి దాదాపు 1,375 అనుకోండి. ఇది ఖర్చు. సెటిల్మెంట్ సజావుగా అయినా తిరిగి రాదు, ధరలో సర్దుబాటు కాదు.
మీ లెక్క ఒకసారి చూద్దాం. సెటిల్మెంట్‌కి కావలసినవి: సొంత వాటా 5 శాతం 55,000. స్టాంప్ డ్యూటీ దాదాపు 44,000. న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి ఇంటి వాళ్లకి 8 లక్షల వరకూ పూర్తి మినహాయింపు, 10 లక్షల వరకూ కొంత రాయితీ. మీ ఇల్లు 10 లక్షలు దాటింది కాబట్టి పైసా తగ్గదు. ఇక్కడికే 99,000. కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ కాగితాలు చూసేవారు), ఇంటి తనిఖీ, పురుగుల తనిఖీ, టైటిల్ బదిలీ రుసుము, బాండ్ ఫీజు కలిపితే ఇంకో నాలుగైదు వేలు సులువుగా అవుతాయి. టౌన్‌హౌస్ కాబట్టి స్ట్రాటా (ఇళ్ల ఉమ్మడి సొసైటీ) రిపోర్ట్ అదనం. అమ్మేవాళ్లు ముందే కట్టేసిన కౌన్సిల్ రేట్లు, స్ట్రాటా లెవీల్లో మీ వాటా సెటిల్మెంట్ రోజున సర్దాలి.
మీ దగ్గర మొత్తం 1,05,000. అంచు మీద ఉన్నారు. సూపర్‌లోని ఆ 30,000 పన్ను కోసేశాక చేతికొచ్చేదా, అకౌంట్‌లో కనిపించే అంకెనా? విడుదల చేసేటప్పుడు ఏటీఓ (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) పన్ను పట్టుకుంటుంది. అకౌంట్‌లో కనిపించే అంకె అయితే మీకు డబ్బు చాలదు. బాండ్ దాన్ని దాస్తుంది, తీర్చదు.

టల్లావాంగ్_తెలుగు
ధన్యవాదాలు లోన్_లెక్కలు గారూ. 30,000 పన్ను పోగా వచ్చేదే, ఎంత విడుదలవుతుందో ఏటీఓ చెప్పే డిటర్మినేషన్‌లో చూసి రాశాను. అయినా ఇంకో ఐదారు వేలు సర్దుకునే పనిలో ఉంటాను.

లోన్_లెక్కలు
డిటర్మినేషన్ ముందే తీసుకున్నారు కాబట్టి మంచిది. టైటిల్ మీ పేరు మీదకి మారకముందే అది చేతిలో ఉండాలి. విడుదలకి అర్జీ పెట్టాక డబ్బు రావడానికి 15 నుంచి 20 పని దినాలు పడుతుంది. టర్మ్ డిపాజిట్‌ను మధ్యలో విరగ్గొట్టాలంటే చాలా బ్యాంకులు 31 రోజుల నోటీసు అడుగుతాయి. ఎక్స్ఛేంజ్ నుంచి సెటిల్మెంట్‌కి మామూలుగా 42 రోజులు. ఈ రెండు పనులూ ఎక్స్ఛేంజ్ అయిన రోజే మొదలుపెట్టినా సరిపోతుంది కానీ, వారం ఆలస్యం చేస్తే గొంతు మీదకొస్తుంది.

సెక్షన్66
బాండ్ కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి.
ఒకటి, 5 శాతం డిపాజిట్‌కి ఒప్పుకుంటారా అని. మీ చేతిలో 60,000 ఉంది, 55,000 కట్టేయొచ్చు. వేలం కాని అమ్మకాల్లో చాలామంది ఒప్పుకుంటారు. అయితే అమ్మేవాళ్ల లాయర్ 'కొనేవారు తప్పితే మిగతా 5 శాతం కూడా కట్టాలి' అని ప్రత్యేక షరతు పెడతారు. ఆ రకం షరతు పెనాల్టీ కిందకొస్తుందని న్యూ సౌత్ వేల్స్ అప్పీల్ కోర్టు 2006లో ఒక కేసులో కొట్టేసింది. అప్పటి నుంచి లాయర్లు దాన్ని వేరే మాటల్లో రాస్తున్నారు. ఆ వాక్యం మీ కన్వేయన్సర్‌తో చదివించకుండా సంతకం పెట్టొద్దు.
రెండు, సగం నగదు, సగం బాండ్. స్టాండర్డ్ కాంట్రాక్ట్ డిపాజిట్‌లో కొంత భాగానికి కూడా బాండ్ ఇవ్వనిస్తుంది. 55,000 నగదు, 55,000 బాండ్ ఇచ్చారనుకోండి: ఫీజు సగమవుతుంది, అమ్మేవాళ్ల చేతికి కాస్త డబ్బు కనిపిస్తుంది. ఏజెంట్ కమిషన్ మామూలుగా ట్రస్ట్ అకౌంట్‌లో ఉన్న డిపాజిట్ నుంచే తీసుకుంటారు. మొత్తం బాండ్ అయితే ఆ సొమ్ము ఉండదు, సెటిల్మెంట్‌లో పెక్సా అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా విడిగా చెల్లించాలి. బాండ్ అనగానే కొందరు ఏజెంట్లు మొహం తిప్పుకోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం న్యాయమైనదే: అమ్మేవాళ్లు ఆ డిపాజిట్‌తోనే తమ తర్వాతి ఇంటికి డిపాజిట్ కట్టుకుందామనుకుంటారు. కాగితంతో ఆ పని జరగదు.

పాలమూరు_బిడ్డ
అన్నా, ఏజెంట్ ఫోన్‌లో 'బాండ్ ఓకే, నో ప్రాబ్లం' అన్నడు. ఇంకేం కావాలె?

సెక్షన్66
ఏజెంట్ మాటకి ఇక్కడ విలువ లేదు తమ్ముడూ. న్యూ సౌత్ వేల్స్ కాంట్రాక్ట్ 2022 ముద్రణలో, మొదటి పేజీ తర్వాత 'చాయిసెస్' అని ఒక పేజీ ఉంటుంది. అందులో 'వెండర్ డిపాజిట్ బాండ్ అంగీకరిస్తారు' అనే వరుసలో కాదు, అవును అని రెండు పెట్టెలు. 'కాదు' పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. వేరేది గుర్తు పెట్టకపోతే పెద్ద అక్షరాల్లో ఉన్నదే వర్తిస్తుందని అక్కడే రాసి ఉంటుంది. అంటే ఎవరూ ఏ టిక్కూ పెట్టకపోతే బాండ్ చెల్లదు, నగదే కట్టాలి.
అంతేకాదు, కాంట్రాక్ట్ ప్రకారం బాండ్ ఇచ్చే కంపెనీ, గడువు తేదీ, మొత్తం: ఈ మూడింటినీ అమ్మేవాళ్లు ఆమోదించాలి. ఫలానా కంపెనీ బాండ్, ఇంత మొత్తం, ఫలానా తేదీ వరకు అని మీ కన్వేయన్సర్ అవతలి లాయర్‌కి ఈమెయిల్ పెట్టి, సరేనని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

లోన్_లెక్కలు
బాండ్ కంపెనీ అడిగేవి: ఇద్దరు కొంటుంటే ఇద్దరి గుర్తింపు పత్రాలు, బ్యాంకు లోన్ అప్రూవల్ లెటర్, మిగతా డబ్బు ఎక్కడుందో చూపించే స్టేట్‌మెంట్లు, కాంట్రాక్ట్ ముందు పేజీ, కన్వేయన్సర్ వివరాలు. పాత ఇల్లు అమ్మి కొత్తది కొనేవాళ్లయితే, ఆ అమ్మకం ఎక్స్ఛేంజ్ అయిన కాంట్రాక్ట్ కూడా. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఒకటి రెండు పని దినాల్లో ఇచ్చేస్తారు. ఆలస్యమంతా కాగితాలు సగం సగం పంపడం వల్లే.
ప్రీ-అప్రూవల్ వేరు, ఫార్మల్ అప్రూవల్ వేరు. మొదటిది మీ జీతం చూసి ఇచ్చింది, రెండోది ఈ ఇంటి వాల్యుయేషన్ కూడా అయ్యాక ఇచ్చేది. ఆరు నెలల బాండ్లకి ఫార్మల్ అప్రూవల్ అడగడం మామూలు. 95 శాతం లోన్ వాళ్లు ఆ సంగతి దరఖాస్తుకి ముందే కంపెనీతో చెప్పి, ఇస్తారా అని తేల్చుకోండి. చివరి రోజు కాదంటే ఇంకో దారి వెతికే సమయం ఉండదు.

టల్లావాంగ్_తెలుగు
ఇక్కడే ముడి పడుతోంది. ఫార్మల్ అప్రూవల్ రావాలంటే కాంట్రాక్ట్ కావాలి. కాంట్రాక్ట్ ఎక్స్ఛేంజ్ కావాలంటే బాండ్ కావాలి. బాండ్ రావాలంటే ఫార్మల్ అప్రూవల్ కావాలి!

సెక్షన్66
ఆ ముడి విప్పేది కూలింగ్ ఆఫ్, అంటే సంతకం పెట్టాక కూడా కొనేవాళ్లు వెనక్కి తగ్గే వీలున్న గడువు. న్యూ సౌత్ వేల్స్‌లో ప్రైవేటు అమ్మకానికి ఎక్స్ఛేంజ్ తర్వాత 5 పని దినాలు, ఐదో రోజు సాయంత్రం 5 గంటల దాకా. ఎక్స్ఛేంజ్ రోజున 0.25 శాతం కడతారు, మీ ఇంటికి 2,750. ఈ ఐదు రోజుల్లో వాల్యుయేషన్, ఫార్మల్ అప్రూవల్, బాండ్ మూడూ తెచ్చుకోవాలి. కుదరకపోతే వెనక్కి తగ్గొచ్చు, పోయేది ఆ 2,750 మాత్రమే.
చాలామంది జారేది ఇక్కడే. స్టాండర్డ్ కాంట్రాక్ట్ 3వ క్లాజు ప్రకారం బాండ్‌ను కాంట్రాక్ట్ చేసుకునే సమయానికి లేదా అంతకు ముందే అవతలి లాయర్‌కి అందజేయాలి. ఆ సమయం అత్యవసర షరతు, అంటే గంట దాటినా తప్పు కిందే లెక్క. మీరేమో ఐదో రోజు ఇద్దామనుకుంటున్నారు. కాబట్టి 'ఎక్స్ఛేంజ్ రోజున 0.25 శాతం నగదు, మిగతా 9.75 శాతం కూలింగ్ ఆఫ్ ముగిసేలోపు నగదుగా గానీ బాండ్‌గా గానీ' అని ప్రత్యేక షరతు రాయించి తీరాలి. ముందు చెప్పిన సగం సగం పద్ధతికి వెళ్తే అంకెలు దానికి తగ్గట్టు మార్చుకోండి.
ఐదు రోజులు చాలవనిపిస్తే పొడిగింపు అడగొచ్చు, అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి. కూలింగ్ ఆఫ్ వదులుకుంటున్నామని మీ తరఫు లాయర్ గానీ కన్వేయన్సర్ గానీ రాసే 66డబ్ల్యూ సర్టిఫికెట్ ఇస్తే అది పూర్తిగా పోతుంది. ఫార్మల్ అప్రూవల్ చేతిలో లేకుండా దానికి ఒప్పుకోకండి, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే.

గోదారిగట్టు
వేలంలో అయితే?

సెక్షన్66
వేలంలో కూలింగ్ ఆఫ్ లేదు. సుత్తి పడగానే సంతకం, డిపాజిట్. అందుకని వేలానికి ముందే అవతలి లాయర్ నుంచి బాండ్‌కి అంగీకారం, ఆ పేజీలో టిక్కు, రెండూ అయిపోయి ఉండాలి. వేలం వాళ్లకి కొన్ని కంపెనీలు ఆస్తి చిరునామా రాయకుండా, గరిష్ఠ మొత్తానికి బాండ్ ఇస్తాయి. ఒక ఇల్లు చేజారితే అదే బాండ్ తర్వాతి వేలానికి పనికొస్తుంది. మొత్తం ఎంతకి తీసుకోవాలన్నది మీ గరిష్ఠ బిడ్ మీద 10 శాతంగా చూసుకోండి. 1,10,000 బాండ్ జేబులో పెట్టుకుని 11 లక్షల 40 వేలకి పాడితే 4,000 తక్కువ పడుతుంది, అది అప్పటికప్పుడు నగదుగా కట్టాలి.

తార్నీట్_వాసి
మెల్బోర్న్ వాళ్లకి తేడాలు చెప్తాను. మన దగ్గర కూలింగ్ ఆఫ్ 3 పని దినాలే. వెనక్కి తగ్గితే 100 డాలర్లు లేదా ధరలో 0.2 శాతం, ఏది ఎక్కువైతే అది పోతుంది. వేలానికి ముందు, తర్వాత మూడేసి పని దినాల్లో కొంటే అదీ లేదు.
విక్టోరియా స్టాండర్డ్ కాంట్రాక్ట్‌లో డిపాజిట్ బాండ్ 15వ జనరల్ కండిషన్, బ్యాంకు గ్యారంటీ 16వది. రెండింటికీ పెట్టెలో గుర్తు పెడితేనే వర్తిస్తాయి. బాండ్ గడువు సెటిల్మెంట్ తేదీ తర్వాత కనీసం 45 రోజులు ఉండాలి. సరిగ్గా సెటిల్మెంట్ తేదీ దాకానే బాండ్ తీసుకుని తిరస్కరించబడేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.
ఇంకో విషయం. ఇక్కడ సేల్ ఆఫ్ ల్యాండ్ చట్టం సెక్షన్ 27 కింద, కొన్ని షరతులు తీరితే, సెటిల్మెంట్‌కి ముందే డిపాజిట్‌ని విడిపించుకుందామని చాలామంది అమ్మేవాళ్లు చూస్తారు. బాండ్ అయితే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి బేరంలో కొంచెం బలహీనపడతారు. ధర మీద గట్టి పోటీ ఉన్న ఇంటికి బాండ్‌తో వెళ్తున్నప్పుడు, సెటిల్మెంట్ తేదీ వాళ్లకి అనుకూలంగా ఇస్తామని చెప్పడం పనిచేస్తుంది.

సెక్షన్66
గడువు గురించి న్యూ సౌత్ వేల్స్ నియమం కూడా రాస్తాను. బాండ్ గడువుకి 14 రోజుల ముందు నాటికి సెటిల్మెంట్ కాకపోతే, గడువుకి కనీసం 7 రోజుల ముందే కొత్త బాండ్ అందజేయాలి. ఇదీ అత్యవసర షరతే. దాటితే అమ్మేవాళ్లకి కాంట్రాక్ట్ రద్దు చేసే హక్కు వస్తుంది. వాళ్లు రద్దు చేసేలోపు కొత్త బాండ్ ఇచ్చినా, డిపాజిట్ పూర్తిగా కట్టినా ఆ హక్కు పోతుంది. బ్యాంకు ఆలస్యం చేస్తే అవతలి వాళ్లు మామూలుగా 14 రోజుల నోటీస్ టు కంప్లీట్ (ఆలోగా సెటిల్ చేయాలనే నోటీసు) ఇస్తారు. ఇవన్నీ కలుపుకుని, 42 రోజుల సెటిల్మెంట్‌కి ఆరు నెలల బాండ్ తీసుకోవడమే క్షేమం.

గోదారిగట్టు
మన పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. బాండ్ మీద, కాంట్రాక్ట్ మీద, లోన్ మీద కొనేవాళ్ల పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్కోసారి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఒక్కోసారి గివెన్ నేమ్స్‌లో కలిసిపోయి ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకో వరుస. బ్యాంకు పాస్‌పోర్ట్ చూసి ఒకలా, ఏజెంట్ లైసెన్స్ చూసి ఒకలా రాస్తే బాండ్ తిరిగి రాయించాలి. ఐదు పని దినాల్లో దీనికే ఒక రోజు పోతుంది. ఏజెంట్‌కి ఆఫర్ ఇచ్చే రోజే పాస్‌పోర్ట్‌లో ఉన్న వరుసలో పేర్లు టైప్ చేసి పంపండి. భార్యాభర్తలిద్దరూ కొంటుంటే బాండ్ మీద ఇద్దరి పేర్లూ ఉండాలి.

పాలమూరు_బిడ్డ
ఇండియాల ప్లాట్ అమ్ముతున్నం. ఆ పైసలు వస్తయని చూపించి బాండ్ తీస్కోవచ్చునా?

లోన్_లెక్కలు
అమ్మబోయే ప్లాట్ అగ్రిమెంట్ చూపిస్తే చాలనుకోవద్దు తమ్ముడూ. డబ్బు అకౌంట్‌లో పడ్డాకే అది రుజువు. ఎన్నారై పేరు మీద ఉన్న ఆస్తి అయితే కొనేవాళ్లు చెల్లించేటప్పుడే పన్ను (టీడీఎస్) పట్టుకోవాలి. తక్కువ పట్టుకోవాలంటే ముందే ఆదాయపన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. తర్వాత ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్నారైల ఇండియా ఆదాయం పడే ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల అమెరికన్ డాలర్ల పరిమితిలో, చార్టర్డ్ అకౌంటెంట్ పత్రాలతో బయటికి పంపాలి. అమ్మానాన్నలు తమ డబ్బు బహుమతిగా పంపితే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల దాకా. పది లక్షల రూపాయలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, అది వాళ్ల రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ ఆ నెలలో చేతికి రాదు. ఇక్కడి బ్యాంకు గిఫ్ట్ లెటర్ కూడా అడుగుతుంది.
42 రోజుల్లో ఇదంతా అవుతుందని నమ్మి బాండ్ మీద సంతకం పెట్టడం ప్రమాదం. డబ్బు ఆస్ట్రేలియా చేరాక ఇల్లు వెతకండి, లేదంటే 90 రోజుల సెటిల్మెంట్ అడగండి.
మీది టెంపరరీ వీసా అయితే ముందు అది చూసుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి తాత్కాలిక వీసా వాళ్లు పాత ఇళ్లు కొనడం మీద నిషేధం ఉంది, కొద్ది మినహాయింపులే. 5 శాతం స్కీమ్ కూడా పౌరులకి, పీఆర్ వాళ్లకే.

తార్నీట్_వాసి
ఒక అపోహ తీర్చాలి. 'బాండ్ అంటే ఇన్సూరెన్స్ కదా, మనం తప్పితే కంపెనీ కట్టుకుంటుంది' అని చాలామంది అనుకుంటారు. కంపెనీ అమ్మేవాళ్లకి కడుతుంది, నిజమే. ఆ వెంటనే ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేస్తుంది. దరఖాస్తులో మీరు పెట్టే సంతకం అందుకే, దాన్ని ఇండెమ్నిటీ అంటారు. బాండ్ రక్షణ అమ్మేవాళ్లకి, మీకు కాదు. నగదు డిపాజిట్ పోగొట్టుకున్నట్టే 1,10,000 పోతుంది, పైగా అప్పుడు చేతిలో లేని డబ్బు.

గోదారిగట్టు
ఆఫ్ ద ప్లాన్ వాళ్లకి, అంటే ఇంకా కట్టని ఇల్లు కొనేవాళ్లకి, ఒక్క ముక్క. రెండు మూడేళ్ల బాండ్లు ఉన్నాయి, కానీ అవి మామూలుగా ఇప్పటికే ఆస్తిలో ఈక్విటీ (అప్పు పోగా మిగిలే సొంత విలువ) ఉన్నవాళ్లకే దొరుకుతాయి, ఫీజు కూడా కాలాన్ని బట్టి పెరుగుతుంది. గడువు కాంట్రాక్ట్‌లోని సన్‌సెట్ తేదీ (కట్టడం పూర్తి కావలసిన ఆఖరి తేదీ) దాటి ఉండాలి. కట్టడం పూర్తయ్యాక బ్యాంకు వాల్యుయేషన్ కొన్న ధర కంటే తక్కువ వస్తే ఆ తేడా మీరే పూడ్చాలి. డిపాజిట్ నగదుగా కట్టని వాళ్లకి ఆ రోజున గొయ్యి రెండింతలు లోతుగా ఉంటుంది. మొదటి ఇంటికి ఆ దారి నేను సిఫారసు చేయను.

టల్లావాంగ్_తెలుగు
అందరికీ కృతజ్ఞతలు. కన్వేయన్సర్‌కి ఇలా రాయబోతున్నాను, తప్పుంటే చెప్పండి: 'మొదట 5 శాతం డిపాజిట్‌కి అడగండి. కాదంటే 5 శాతం నగదు, 5 శాతం బాండ్. కూలింగ్ ఆఫ్ 5 పని దినాలు. ఎక్స్ఛేంజ్‌కి 0.25 శాతం. బాండ్ పెట్టెలో అవును అని గుర్తు పెట్టించండి.'

సెక్షన్66
మూడు చేర్చండి. బాండ్ కంపెనీ పేరు, మొత్తం 55,000, గడువు తేదీ: వీటికి అవతలి లాయర్ రాతపూర్వక ఆమోదం. మిగతా 4.75 శాతం నగదు, బాండ్ రెండూ ఐదో పని దినం సాయంత్రం 5 లోపు ఇచ్చేలా ప్రత్యేక షరతు. కొనేవాళ్ల పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్న వరుసలో. ఇంకా, ఎక్స్ఛేంజ్ సోమవారం గానీ మంగళవారం గానీ పెట్టించుకోండి. బ్యాంకు వాల్యుయర్ వారం మొదట్లోనే ఇల్లు చూసేస్తే, ఏదైనా ఆగినా శుక్రవారం దాకా ఫోన్లు చేసే వీలుంటుంది.

టల్లావాంగ్_తెలుగు
చేర్చాను. టర్మ్ డిపాజిట్ నోటీసు బ్యాంకుకి ఈరోజే పంపిస్తున్నాను.